ఆపరేషన్‌కు వీలుకాని ఊపిరితిత్తి గడ్డ: రేడియేషన్ పెట్టించాలా, సూదితో కాల్పించాలా?

భూపాలపల్లి బిడ్డ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా బాపు సింగరేణి భూగర్భ గనిలో పనిచేసి పదవీ విరమణ పొందారు. వయస్సు 69 ఏళ్లు, ప్రస్తుతం హనుమకొండలో మా ఇంట్లోనే ఉంటున్నారు. ఆయనకు చాలా ఏళ్లుగా దమ్ము ఉంది, రెండు పూటలా ఇన్‌హేలర్ పీలుస్తారు, బీడీ మానేసి కొంతకాలమైంది. దగ్గు ఎంతకీ తగ్గకపోవడంతో ఎక్స్‌రే తీయించగా కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనిపించింది. మొదట టీబీ కావచ్చన్న అనుమానంతో మందులు వాడించారు, కానీ తెమడ పరీక్షలో క్రిములు కనిపించలేదు, మచ్చ తగ్గనూ లేదు. తర్వాత సీటీ స్కాన్‌లో చూస్తూ సూదితో ముక్క తీసి పరీక్షించగా అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తి క్యాన్సర్ అని తేలింది. గడ్డ 2.4 సెంటీమీటర్లు ఉందని, ఊపిరితిత్తి నడుమ కాకుండా అంచు వైపు ఉందని రిపోర్టులో రాశారు.

ఊపిరి ఊదే పరీక్షలో ఎఫ్ఈవీ1, అంటే మొదటి సెకనులో బలంగా ఊదగలిగే గాలి, ఉండవలసిన దానిలో 36 శాతమే వచ్చింది. అది చూసిన సర్జన్ గారు, ఊపిరితిత్తిలో భాగం తీసేస్తే మిగిలిన దానితో ఈయన బతుకు వెళ్లదీయడం కష్టమని, ఆపరేషన్ ఆలోచన వద్దని చెప్పారు. పెట్ స్కాన్‌లో గడ్డతో పాటు ఛాతీ నడుమ రెండు లింఫ్ గ్రంథులు కూడా కొద్దిగా మెరిసాయి. దాన్ని చూసి మరో డాక్టరు గారు జబ్బు పాకిందని, కీమో మొదలుపెట్టాలని అన్నారు. ఇంకో చోట అయిదారు సిట్టింగుల్లో ముగిసే ప్రత్యేక రేడియేషన్ ఉందన్నారు. కరీంనగర్‌లోని మా మేనమామ మాత్రం, తనకు తెలిసినవారికి సూది గుచ్చి గడ్డను లోపలే కాల్చేశారని, ఒక్క రోజులో పని అయిపోతుందని గట్టిగా చెబుతున్నారు.

మాకు ఎటూ పాలుపోవడం లేదు. కోత లేకుండా చేసే ఈ చికిత్సల్లో ఏది ఎవరికి సరిపడుతుంది? నిర్ణయం తీసుకునే ముందు డాక్టర్లను ఏమి అడగాలి? బాపుకు అన్నీ చెప్పాము. ఆయన కోరేది ఒక్కటే, తన పని తాను చేసుకునేంత ఊపిరి మిగలాలని.

రేడియేషన్ ఆంకాలజీ వైద్యుడు, వరంగల్ వాసి

అమ్మా, మీరు రాసిన వివరాలన్నింటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆ రెండు లింఫ్ గ్రంథుల సంగతి. రేడియేషనా, సూదా అనే ప్రశ్నకు ముందు తేలవలసినది అదే.

పెట్ స్కాన్ క్యాన్సర్‌ను మాత్రమే చూపించే పరీక్ష కాదు. చక్కెరను ఎక్కువగా వాడుకునే కణాలు ఎక్కడుంటే అక్కడ అది మెరుస్తుంది, అందువల్ల టీబీ ఉన్నా, పాత టీబీ గాయాలున్నా, బొగ్గు ధూళి, రాతి ధూళి ఏళ్ల తరబడి పేరుకున్న గ్రంథులున్నా మెరుపు కనిపిస్తుంది. గనుల్లో పనిచేసినవారిలో, కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల్లో పనిచేసినవారిలో, ఛాతీ నడుమ గ్రంథులు ఇలా మెరవడం చాలా మామూలు విషయం. కాబట్టి ఆ మెరుపును మాత్రమే చూసి జబ్బు పాకిందని నిర్ధారించకూడదు, అలాగే ధూళేనని కొట్టిపారేయకూడదు. ఆ గ్రంథుల నుంచి నమూనా తీసి చూడాలి.

దానికి ఈబస్ అనే పరీక్ష ఉంది. సన్నని గొట్టాన్ని నోటి ద్వారా శ్వాసనాళంలోకి పంపుతారు, దాని కొనలో చిన్న అల్ట్రాసౌండ్ ఉంటుంది, దానితో నాళం గోడకు అవతల ఉన్న గ్రంథిని చూస్తూ సూదితో నమూనా లాగుతారు. ఛాతీ మీద కోత ఉండదు, చాలామందిని అదే రోజు ఇంటికి పంపుతారు. మీ నాన్నగారికి దమ్ము ఎక్కువ కనుక మత్తు తక్కువగా ఇచ్చి, ఆక్సిజన్ గమనిస్తూ చేయమని ముందే చెప్పండి. తీసిన నమూనాను క్యాన్సర్ కణాల కోసం మాత్రమే కాకుండా టీబీ కోసం జీన్ ఎక్స్‌పర్ట్‌కు కూడా పంపమని అడగండి.

గ్రంథుల్లో క్యాన్సర్ ఉందని తేలితే అది మూడో దశ అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు గడ్డ ఒక్కదాన్ని కాల్చడం వల్ల ప్రయోజనం ఉండదు. శరీరం తట్టుకోగలిగితే కీమోతో కలిపి సుమారు ఆరు వారాల రేడియేషన్ ఇస్తారు, ఆ తర్వాత ముక్క పరీక్షలోని జన్యు ఫలితాలను బట్టి ఇమ్యునోథెరపీ (శరీర రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ను ఎదుర్కొనే మందులు) గానీ మాత్రలు గానీ కొనసాగిస్తారు. అందుకోసం ఇప్పటికే ముక్క పరీక్ష చేసిన ల్యాబ్ నుంచి ఆ ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మెను అడిగి తీసుకుని భద్రంగా ఉంచండి. మన దేశంలో అడినోకార్సినోమా ఉన్నవారిలో దాదాపు నాలుగో వంతు మందిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యు మార్పు కనిపిస్తుంది, దానికి పనిచేసే మాత్రలు వేరే ఉన్నాయి.

గ్రంథులు శుభ్రంగా ఉన్నాయని తేలితే మాత్రం మీ నాన్నగారిది తొలి దశ గడ్డ, శరీరం ఆపరేషన్‌కు ఓర్చుకోలేదు, అంతే. ఇలాంటివారికి ఈనాడు మొదట ఆలోచించవలసిన చికిత్స స్టీరియోటాక్టిక్ రేడియేషన్, అంటే ఎస్బీఆర్టీ. వెనుకటి రేడియేషన్‌లో వారాల తరబడి రోజూ కొంచెం కొంచెంగా ఇచ్చేవారు. ఇందులో అనేక దిక్కుల నుంచి సన్నని కిరణాలను గడ్డ మీద ఒక్కచోట కలిసేలా పంపుతారు కాబట్టి, ఒక్కో సిట్టింగులో చాలా ఎక్కువ మోతాదు ఇచ్చినా చుట్టుపక్కల ఊపిరితిత్తికి తగిలేది తక్కువ. దీనికి బీజం 1990లలో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఆస్పత్రిలో పడింది. ఆపరేషన్‌కు వీలుకాని 55 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. మూడు సిట్టింగుల్లో 54 గ్రే (రేడియేషన్‌ను కొలిచే యూనిట్) మోతాదు ఇచ్చిన ఆ రోగుల్లో, మూడేళ్ల తర్వాత చూస్తే, చికిత్స చేసిన గడ్డ అదుపులో ఉన్నది 97.6 శాతం. అయితే మూడేళ్లకు బతికి ఉన్నవారు 55.8 శాతం అని కూడా అదే అధ్యయనంలో ఉంది. గడ్డ అణగినా కొందరిలో జబ్బు వేరే చోట తలెత్తుతుంది, కొందరిని గుండె జబ్బో దమ్మో తీసుకుపోతుంది. ఈ రెండు అంకెలనూ కలిపి చూస్తేనే మీకు సరైన అంచనా వస్తుంది, మొదటిది మాత్రమే చూపించి భరోసా ఇచ్చేవారి మాట పూర్తిగా నమ్మవద్దు. 2019లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైద్యులు వెలువరించిన పరిశోధనలో, పాత పద్ధతి రేడియేషన్ కంటే ఈ పద్ధతిలో గడ్డ మెరుగ్గా అదుపులో ఉందని తేలింది.

36 శాతం ఎఫ్ఈవీ1 చూసి భయపడకండి. ఆపరేషన్‌కు అడ్డు వచ్చే అంకె ఈ చికిత్సకు అడ్డు రానక్కరలేదు, ఇంట్లో ఆక్సిజన్ వాడేవారికి కూడా దీన్ని ఇస్తున్నారు. నన్ను ఆలోచింపజేసేది వేరే విషయం. ఊపిరితిత్తులు గట్టిపడి మచ్చలు కట్టే ఐఎల్డీ అనే జబ్బు ఉంటే రేడియేషన్ తర్వాత ప్రాణాపాయకరమైన వాపు రావచ్చు. గని ధూళిలో పనిచేసిన మనిషి కనుక, సీటీ చిత్రాలను ఈ కోణంలో మరోసారి చూడమని రేడియాలజిస్టును ప్రత్యేకంగా కోరండి.

గడ్డ అంచున ఉండటం మీకు కలిసొచ్చే విషయం. పెద్ద శ్వాసనాళాలకు రెండు సెంటీమీటర్ల లోపు ఉన్న గడ్డలకు మూడు సిట్టింగుల పద్ధతి వాడినప్పుడు తీవ్రమైన హాని జరిగినట్టు 2006లోనే వెల్లడైంది. అందుకే నడుమ ఉన్నవాటికి మోతాదును అయిదు లేక ఎనిమిది సిట్టింగులకు విడగొడతారు. మీ నాన్నగారికి నాలుగో అయిదో సరిపోతాయని అనుకుంటున్నాను, పక్కటెముకలకు ఎంత దూరంలో ఉందో కొలిచి అక్కడి డాక్టరు నిర్ణయిస్తారు.

ఇంకొక్క మాట. ఆపరేషన్ వద్దన్నది ఛాతీ సర్జనా, జనరల్ సర్జనా అన్నది మీరు రాయలేదు. ఎంఫిసిమా (ఊపిరితిత్తిలోని గాలి గదులు పాడైపోయే జబ్బు) ఎక్కువగా ఊపిరితిత్తి పైభాగంలోనే ఉండి, గడ్డ కూడా అక్కడే ఉంటే, పనిచేయని ఆ భాగాన్ని తీసేయడం వల్ల శ్వాస అనుకున్నంతగా తగ్గని సందర్భాలు ఉంటాయి. చిన్న గడ్డలకు లోబ్ (ఊపిరితిత్తిలోని ఒక పెద్ద భాగం) మొత్తం కాకుండా చిన్న ముక్క తీసే ఆపరేషన్ కూడా ఉంది. ఊపిరితిత్తుల ఆపరేషన్లు నిత్యం చేసే సర్జను ఒక్కరు ఫైలు చూసి వద్దంటే, అప్పుడు ఆ తలుపు మూసుకుందనుకోవచ్చు. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతోందో కొలిచే డీఎల్‌సీఓ అనే పరీక్ష కూడా చేయించి తీసుకువెళ్లండి, ఎఫ్ఈవీ1 ఒక్కదానితో ఆ నిర్ణయం జరగకూడదు.

కరీంనగర్ నుంచి ఒక కుమారుడు

చెల్లెమ్మా, మీ మేనమామ గారు చెప్పిన సూది చికిత్స మా అమ్మకు జరిగింది కాబట్టి రాస్తున్నాను. అయితే ఆమెది ఊపిరితిత్తిలో పుట్టిన క్యాన్సర్ కాదు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన తర్వాత ఊపిరితిత్తిలో ఒకే ఒక్క చిన్న మచ్చ కనిపించింది. అది రెండు సెంటీమీటర్ల లోపే ఉండటంతో మైక్రోవేవ్ సూదితో కాల్చారు.

సీటీ యంత్రం బల్ల మీద పడుకోబెట్టి, మత్తు ఇచ్చి, వీపు వైపు నుంచి సూది పంపారు. కాల్చే సమయం నిమిషాల్లోనే ఉంటుందట, సూదిని సరైన చోటికి చేర్చడానికే ఎక్కువ సేపు పట్టింది. ఆ సాయంత్రం అమ్మకు ఛాతీలో పట్టేసినట్టు ఉందని, ఊపిరి పైపైనే ఆడుతోందని చెప్పింది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది కొంత ముడుచుకుపోయింది. పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేసి నీళ్ల సీసాకు కలిపారు. దగ్గినప్పుడల్లా సీసాలో బుడగలు వచ్చేవి, ఆ బుడగలు పూర్తిగా ఆగిన తర్వాతే గొట్టం తీస్తామన్నారు. ఒక్క రోజులో వెళ్లిపోవచ్చనుకున్న మేము ఆ వారమంతా ఆస్పత్రిలోనే ఉండాల్సి వచ్చింది. ఇలా జరగవచ్చని సంతకం పెట్టించుకునేటప్పుడు చెప్పలేదని కాదు, కాగితంలో ఉంది, కానీ ఎవరూ కూర్చోబెట్టి వివరించలేదు. ఆ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ బాధ ఉంది.

ఆ మచ్చ మళ్లీ పెరగలేదు, అమ్మ తన పని తాను చేసుకుంటోంది, కాబట్టి చికిత్సను నేను తప్పుపట్టడం లేదు. కానీ మా అమ్మ ఊపిరితిత్తులు ఆరోగ్యంగా ఉండేవి. మీ నాన్నగారికి ఎంతోకాలంగా దమ్ము ఉందన్నారు. ఆ తేడాను మీ మేనమామ గారికి దయచేసి చెప్పండి.

ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్

కరీంనగర్ సోదరుడు రాసినదానికి వైద్యపరంగా కొంత చేరుస్తాను. సూది చికిత్సలో మూడు రకాలు ఉన్నాయి. రేడియోఫ్రీక్వెన్సీలో విద్యుత్తుతో, మైక్రోవేవ్‌లో సూక్ష్మతరంగాలతో గడ్డను వేడి చేస్తారు. క్రయోలో ఆర్గాన్ వాయువుతో గడ్డను గడ్డకట్టించి చంపుతారు. ఊపిరితిత్తిలో మొదటి దానికి ఒక ఇబ్బంది ఉంది. గాలి విద్యుత్తును సరిగా పోనివ్వదు, పక్కనే పెద్ద రక్తనాళం ఉంటే ప్రవహించే రక్తం వేడిని లాక్కుపోయి ఆ వైపు కణాలు బతికిపోతాయి. మైక్రోవేవ్‌లో ఈ ఇబ్బంది తక్కువ కనుక ఇప్పుడు చాలాచోట్ల దాన్నే వాడుతున్నారు. ఛాతీ గోడకు ఆనుకున్న గడ్డలకు క్రయోలో నొప్పి తక్కువ. పేస్‌మేకర్ ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందుగానే చెప్పాలి.

ఏ రకమైనా మూడు సెంటీమీటర్ల లోపు గడ్డకే మంచి ఫలితం ఇస్తుంది, రెండు సెంటీమీటర్ల లోపైతే మరీ మంచిది. ఎందుకంటే గడ్డను మాత్రమే కాదు, దాని చుట్టూ కనీసం అర సెంటీమీటరు మేర మంచి కణజాలాన్ని కూడా కాల్చాలి. ఆ అంచు మిగిలిపోతే అక్కడి నుంచే మళ్లీ మొలుస్తుంది.

నేను రోజూ చేసే చికిత్స ఇదే అయినా, మీ నాన్నగారి విషయంలో ముందుగా రేడియేషన్ వైద్యుడినే కలవమని చెబుతాను. ఎంఫిసిమా ఉన్న ఊపిరితిత్తిలో సూది గుచ్చితే గాలి బయటికి చేరే ప్రమాదం ఎక్కువ, ఆ రంధ్రం మూసుకోవడానికి పట్టే సమయమూ ఎక్కువ. 36 శాతంతో బతుకుతున్న మనిషికి ఒక వైపు ఊపిరితిత్తి కొద్ది రోజులు ముడుచుకుపోవడం చిన్న విషయం కాదు. ఐఎల్డీ వల్ల రేడియేషన్ కుదరకపోయినా, రేడియేషన్ ఇచ్చిన చోటే గడ్డ మళ్లీ పెరిగినా, వేరే క్యాన్సర్ నుంచి వచ్చిన ఒకటి రెండు మచ్చలు ఉన్నా, అప్పుడు మా దగ్గరికి రావడం సబబు. సూది చికిత్సను అవసరమైతే మళ్లీ చేయవచ్చు, అది దీనికి ఉన్న పెద్ద బలం.

గడ్డ శ్వాసనాళం లోపలికి పెరిగి గాలిదారి మూసుకుపోతున్నవారి సంగతి పూర్తిగా వేరు. వారికి బ్రాంకోస్కోపీ ద్వారా లేజర్‌తో దారి తెరవడం, స్టెంట్ వేయడం వంటివి ఉన్నాయి. మీ రిపోర్టు ప్రకారం అది మీకు వర్తించదు, ఇది చదివే ఇతరుల కోసం రాస్తున్నాను.

కాజీపేట అక్క

మా ఆయనకు ఇదే రేడియేషన్ హైదరాబాద్‌లో జరిగింది. వైద్యం గురించి పెద్దలు చెప్పారు కాబట్టి నేను తిరుగుళ్ల గురించి మాత్రమే రాస్తాను.

యంత్రం ఉన్న ప్రతిచోటా ఈ చికిత్స ఒకేలా జరగదు. ఊపిరి పీల్చేటప్పుడు గడ్డ పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి ఆ కదలికను కొలిచే ఫోర్‌డీ సీటీ ఉందా, ప్రతి సిట్టింగుకు ముందు బల్ల మీదే స్కాన్ తీసి సరిచూస్తారా అని అడగండి. ఊపిరితిత్తులకు ఈ పద్ధతిని తరచూ చేస్తున్నారా అని కూడా మొహమాటం లేకుండా అడగండి. ప్రభుత్వ పరంగా రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి, పంజాగుట్టలోని నిమ్స్ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఏ పద్ధతికి ఎంత వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ముందే తెలుసుకోండి. మీ బాపుకు సింగరేణి వైద్య కార్డు ఉంటే అక్కడి ఆస్పత్రి నుంచి రిఫరల్ రాయించుకున్న తర్వాతే వెళ్లండి, తర్వాత బిల్లులు పెట్టుకోవడం చాలా కష్టం.

సిట్టింగులు సాధారణంగా రోజు విడిచి రోజు ఉంటాయి. పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చని అనిపిస్తుంది, కానీ దమ్ము ఉన్న మనిషికి స్టేషన్ మెట్లే పెద్ద పరీక్ష. వీలైతే ఆ పది, పన్నెండు రోజులు బంధువుల ఇంట్లోనో ఆస్పత్రి దగ్గరో ఉండండి. చేతులు రెండూ తలపైకి పెట్టి కదలకుండా పడుకోవాలి, మా ఆయనకు భుజం నొప్పి ఉండటంతో అదే అన్నిటికన్నా కష్టమైంది. ఇప్పటి నుంచే ఇంట్లో అలా పడుకోవడం అలవాటు చేయించండి.

భూపాలపల్లి బిడ్డ

ఇంత ఓపికగా రాసిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే ముందు ఈబస్ చేయించాము. రెండు గ్రంథుల నుంచీ తీసిన నమూనా నల్లగా వచ్చిందని డాక్టరు గారు మాకు గాజు పలకల మీద చూపించారు. రిపోర్టులో బొగ్గు ధూళి నిండిన కణాలు మాత్రమే ఉన్నాయని, క్యాన్సర్ కణాలు లేవని, టీబీ పరీక్ష కూడా నెగటివ్ అని వచ్చింది. ఛాతీ సర్జన్ గారు కొత్తగా ఫైలు చూసి, పైభాగంతో పాటు కింది భాగాల్లో కూడా ఎంఫిసిమా ఉందని, డీఎల్‌సీఓ కూడా బాగా తక్కువగా ఉందని, ఆపరేషన్ వద్దనే చెప్పారు. సీటీలో ఐఎల్డీ లక్షణాలు లేవని రాసి ఇచ్చారు. అయిదు సిట్టింగుల రేడియేషన్‌కు తేదీలు తీసుకున్నాము, మేనమామ గారు కూడా ఇవన్నీ చూసి ఒప్పుకున్నారు.

చివరగా ఒకటి అడగాలి. చికిత్స సమయంలో ఇన్‌హేలర్లు ఆపాలా? తర్వాత ఏయే లక్షణాలు కనిపిస్తే వెంటనే చూపించాలి?

రేడియేషన్ ఆంకాలజీ వైద్యుడు, వరంగల్ వాసి

చాలా సంతోషం అమ్మా. ఇన్‌హేలర్లు ఒక్క పూట కూడా ఆపవద్దు. సిట్టింగుకు ముందు కూడా పీల్చి వెళ్లడమే మంచిది, ఊపిరి నిలకడగా ఆడుతుంది. కొద్ది రోజులు నీరసం ఉంటుంది, అది సహజం. తిండి తగ్గనివ్వకండి, రోజూ ఇంటి చుట్టూ నడిపించండి.

మీరు కనిపెట్టుకుని ఉండవలసిన సమయం చికిత్స రోజులు కాదు, ఆ తర్వాత ఒకటిన్నర నెల నుంచి ఆరు నెలల వరకు. ఆ వ్యవధిలో పొడి దగ్గు, కొద్దిపాటి జ్వరం, ఉన్నదానికి మించిన ఆయాసం వస్తే అది రేడియేషన్ వల్ల వచ్చిన వాపు కావచ్చు. దానికి స్టీరాయిడ్ మందు పనిచేస్తుంది, కానీ సమయానికి మొదలుపెట్టాలి. స్థానికంగా ఎక్స్‌రే తీస్తే నెమ్ములాగానో టీబీలాగానో కనిపించి వేరే మందులతో వారాలు గడిచిపోయే ప్రమాదం ఉంది, మీకు ఒకసారి ఆ అనుభవం అయింది కూడా. ముందుగా ఆక్సిజన్ శాతం చూసే చిన్న పరికరం ఒకటి కొని, ఇప్పుడు విశ్రాంతిలో ఎంత ఉందో, కొంచెం నడిచాక ఎంత ఉందో రాసిపెట్టుకోండి. అప్పటి మార్పును దీనితో పోల్చి చెప్పగలుగుతారు. అంతకు ముందున్న దానికంటే బాగా పడిపోతే తెల్లవారేదాకా ఆగకుండా వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రి అత్యవసర విభాగానికైనా తీసుకువెళ్లండి.

మొదటి స్కాన్‌లో గడ్డ ఉన్న చోట మచ్చ ఇంకా పెద్దదిగా కనిపించవచ్చు. చాలాసార్లు అది రేడియేషన్‌తో గట్టిపడిన ఊపిరితిత్తే. తొందరపడి మళ్లీ సూది గుచ్చమని అడగకండి, మీకు చికిత్స చేసిన డాక్టరుకే ఆ చిత్రాలు చూపించండి. మొదటి రెండు మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి సీటీ ఉంటుంది. డిశ్చార్జి కాగితంలో మోతాదు, సిట్టింగుల సంఖ్య, తేదీలు, ఏ భాగానికి ఇచ్చారో స్పష్టంగా రాయించుకోండి. దాని నకలు ఒకటి బాపు చొక్కా జేబులో, ఒకటి మీ ఫోనులో ఉంచండి. హనుమకొండలో ఏ డాక్టరు దగ్గరికి దగ్గుతో వెళ్లినా, ఎక్స్‌రే కంటే ముందు ఆ కాగితం చూపించండి.